40 మంది పిల్లలు, ఒక రాత్రి: టీచర్లు ముందుగా వేసుకోవాల్సిన లెక్కలు

పిల్లల్ని ఒక రాత్రి గుడారాల్లో ఉంచుదామని స్కూల్లో అనుకోగానే అందరి ధ్యాసా పిల్లల సంచుల మీదికి పోతుంది. స్వెట్టరు, టార్చి, దుప్పటి... జాబితా ఇంటికి వెళ్తుంది. వెంట వెళ్లే టీచర్లు ఎలా సిద్ధం కావాలన్నది మాత్రం చివరిదాకా ఎవరూ ఎత్తరు. క్యాంపు ఎలా నడుస్తుందో వారం ముందు స్టాఫ్‌రూంలో వేసుకున్న లెక్కలే తేలుస్తాయని నా నమ్మకం. ఉదాహరణకు 8వ తరగతి తీసుకుందాం. 22 మంది ఆడపిల్లలు, 18 మంది మగపిల్లలు, మొత్తం 40. డిసెంబరు నెల. చోటు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు.

మొదటి సందేహం: పదిమందికి ఒకరు చొప్పున నలుగురు టీచర్లు చాలరా? పగటికి చాలు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా 9 గంటలుంటాయి. ఎప్పుడూ ఇద్దరు మేలుకుని ఉండాలి, అందులో ఒకరు మేడమ్ అయి తీరాలి. నలుగురే ఉంటే తలా నాలుగున్నర గంటల కాపలా పడుతుంది. సగం నిద్రతో మర్నాడు పిల్లల్ని కొండెక్కించడం ప్రమాదం. ఆరుగురైతే తలా 3 గంటలు మేలుకుని 6 గంటలు పడుకోవచ్చు. ఇంకో మాట. అర్ధరాత్రి ఒక పాపను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఇద్దరు బయల్దేరాలి. నలుగురిలో ఇద్దరు వెళ్తే 39 మందికి ఇద్దరే మిగులుతారు. కాబట్టి ముగ్గురు మేడమ్‌లు, ముగ్గురు సార్లు వెళ్లాలి. దింపేసి వెళ్లిపోయే బస్సు ఒక్కటే సరిపోదు. డ్రైవరుతో సహా తెల్లవార్లూ అక్కడే ఉండే వాహనం ఒకటి కావాలి.

గుడారాల సంగతి. నలుగురికని అమ్మే గుడారంలో సంచులతో సహా ముగ్గురు పడతారు. ఆ లెక్కన ఆడపిల్లలకు 8, మగపిల్లలకు 6. అలవాటు లేనివాళ్లకు ఒక్కోటి నిలబెట్టడానికి 20 నిమిషాలు పడుతుందనుకోండి. ఆ పని ఇద్దరు సార్లకే వచ్చినట్టయితే తలా ఏడు, అంటే 2 గంటల 20 నిమిషాలు. డిసెంబరులో ఇక్కడ 5.45కే పొద్దు గుంకుతుంది. అదే స్కూలు మైదానంలో ఒక సాయంత్రం సాధన చేసి నాలుగు జట్లు తయారైతే 80 నిమిషాల్లో పని అయిపోతుంది.

తిండి లెక్క కష్టం కాదు. మధ్యాహ్న భోజన పథకంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పూటకు తలా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. 40 మందికి పూటకు 6 కిలోల బియ్యం, కిలో 200 గ్రాముల పప్పు, 3 కిలోల కూరగాయలు. తాగడానికి తలా 3 లీటర్లు అనుకుంటే డ్రైవరుతో కలిపి 47 మందికి 141 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఎనిమిది.

అందరూ మరిచిపోయేది మరుగుదొడ్లు. రెండే ఉండి ఒక్కొక్కరికి 5 నిమిషాలు పడితే 40 మంది అయ్యేసరికి 100 నిమిషాలు. చోటు చూడ్డానికి ముందు వెళ్లినప్పుడు దృశ్యం కన్నా ముందు వీటినే లెక్కపెట్టాలి.

నీటి దగ్గర మాత్రం బేరాల్లేవు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది లార్జీ డ్యాం నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణీ చెరువులో స్కూలు పిల్లలున్న పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పట్టేవాళ్ల కన్నా ఎక్కువమందిని ఎక్కించారు. అనంతగిరికి వెళ్తే దగ్గర్లోని కోట్‌పల్లి జలాశయంలో బోటింగుకు వెళ్దామని పిల్లలు అడుగుతారు. ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్‌జాకెట్ లేకపోతే వద్దనే చెప్పాలి. ఆ మాట ఆరుగురూ ఒకేలా చెప్పాలి.

పాముల భయం ఎంతవరకు నిజం? అడవిలోనే కాదు, ఊళ్లోనూ నిజమే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా కనపడదు. అందుకే తెల్లవారుజామున ఒక బాబు కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతూ, మింగలేకపోతుంటే అజీర్తి అనుకోకూడదు. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. కదలకుండా పడుకోబెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. యాంటీ వెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఏ ఆస్పత్రిలో ఉందో వెళ్లకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. 108 నంబరు అందరికీ తెలుసు, ఆ చోట సిగ్నల్ ఉందో లేదో చూసి రావాలి. పడుకునేముందు ప్రతి గుడారం జిప్పు పూర్తిగా మూసి ఉందో లేదో టార్చి వేసి, చేత్తో తడిమి చూడటం రాత్రి కాపలా వాళ్ల మొదటి పని.

ఇక తల్లిదండ్రులు నింపే కాగితం. సంతకం ఒక్కటే తీసుకుంటే లాభం లేదు. ఉబ్బసం, మూర్ఛ, పడని తిండి, రోజూ వేసుకునే మందులు అడగాలి. పక్క తడిపే అలవాటు ఉందేమోనని కూడా అడగాలి, 13 ఏళ్లకూ కొందరికి ఉంటుంది. ఆ పిల్లవాడిని 11 గంటలకు ఒకసారి, 3 గంటలకు ఒకసారి చప్పుడు చేయకుండా లేపి తీసుకెళ్లాలి. ఆ సంగతి అతని గుంపు చూసే టీచరుకూ, ఆ వేళ కాపలా ఉన్నవాళ్లకూ తప్ప మూడోవారికి తెలియకూడదు. నెలసరి వచ్చిన అమ్మాయి ఏ గుడారం దగ్గరికి రావాలో, అక్కడ ఏ మేడమ్ ఉంటారో బస్సు ఎక్కకముందే ఆడపిల్లలందరికీ చెప్పి ఉంచాలి.