డబ్లిన్ నుంచి ఖరగ్‌పూర్ దాకా: వి.వి.గిరి

జి.కె. పుస్తకంలో మనం బట్టీ పట్టే రాష్ట్రపతుల పేర్లలో నాలుగోది వి.వి.గిరి. పూర్తి పేరు వరాహగిరి వెంకటగిరి. 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న అందుకున్నారు. క్విజ్ పోటీకి ఇంతవరకు చాలు. కానీ ఖరగ్‌పూర్‌లో చదువుకుంటున్న మనం మరో సంగతి కూడా తెలుసుకోవాలి. రాష్ట్రపతి కావడానికి నలభై ఏళ్ల ముందే ఆయన ఈ ఊరి రైల్వే కార్మికులకు నాయకుడు. ఆ దారిలో ఆయనకు తొలి పాఠాలు నేర్పింది మన దేశం కాదు, ఐర్లండ్!

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. బరంపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1913లో గిరిగారు న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు.

అప్పటికి ఐర్లండ్ కూడా మనలాగే బ్రిటిష్ పాలనలో ఉంది. ఆ ఏడాదే డబ్లిన్‌లో పెద్ద లాకౌట్ జరిగింది. సమ్మె అంటే కార్మికులు పని ఆపడం. లాకౌట్ అంటే యజమానే గేటుకు తాళం వేసి కార్మికుల్ని బయట నిలబెట్టడం. కార్మిక సంఘంలో ఉండబోమని సంతకం పెట్టినవాళ్లకే పని ఇస్తామన్నారు యజమానులు. దాదాపు 20,000 మంది కార్మికులు నెలల తరబడి పనిలేక, తిండికి కటకటపడ్డారు. చివరికి 1914 మొదట్లో ఆకలికి తట్టుకోలేక చాలామంది తిరిగి పనిలో చేరారు. అయినా వాళ్ల సంఘం మాత్రం చచ్చిపోలేదు.

ఆ కార్మికుల నాయకుల్లో ఒకరు జేమ్స్ కానొలీ. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ పండుగ వారంలో డబ్లిన్‌లో స్వాతంత్ర్యం కోసం తిరుగుబాటు జరిగింది. దాన్ని నడిపినవాళ్లలో కానొలీ కూడా ఉన్నారు. గాయపడి నిలబడలేని స్థితిలో ఉన్న ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చి చంపారు. గిరిగారి మీద కానొలీ ప్రభావం గట్టిగా పడింది. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ప్రభుత్వం గిరిగారిని దేశం వదిలి పొమ్మంది. అదే ఏడాది ఆయన ఇండియాకు తిరిగి వచ్చారు.

ఇక మన ఊరి సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. హౌరా నుంచి ఖరగ్‌పూర్, బరంపురం మీదుగా వాల్తేరు దాకా ఆ కంపెనీ రైళ్లు నడిచేవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎంతోమంది ఆ లైను పట్టుకునే ఇక్కడికి పనికి వచ్చారు. ఈనాటికీ గోల్‌బజారులో తెలుగు వినిపిస్తుందంటే కారణం అదే. వర్క్‌షాపులో బెంగాలీ, ఒడియా, హిందీ, తమిళం మాట్లాడేవాళ్లు తెలుగువాళ్ల పక్కనే నిలబడి పనిచేశారు.

1927లో ఈ వర్క్‌షాపు కార్మికులు ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి పోరాటానికి దిగారు. మనుషుల్ని పనిలోంచి తీసేయాలని కంపెనీ నిర్ణయించడమే సెప్టెంబరు పోరాటానికి కారణం. రైల్వే ఊళ్లో ఉద్యోగం పోవడమంటే ఏమిటో క్వార్టర్లలో ఉండే మనకు వేరే చెప్పక్కర్లేదు. జీతంతో పాటు ఇల్లూ పోతుంది. ఇరుగుపొరుగూ, పిల్లల బడీ కూడా పోతాయి.

ఆ కష్టకాలంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకుడు గిరిగారు. డబ్లిన్‌లో చూసినదాన్ని ఆయన ఇక్కడ ఉన్నదున్నట్టు దింపలేదు. సంఘం చెక్కుచెదరకూడదన్న పాఠం అక్కడిది. హింస లేకుండా పోరాడాలన్న పద్ధతి గాంధీగారిది. ఈ రెండిటికీ ఆయన తన సొంత ఆలోచన ఒకటి జోడించారు. యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తగాదా తీర్చుకోవాలి, పైవాళ్ల తీర్పు చివరి మార్గం మాత్రమే కావాలి అనేవారాయన. తర్వాతి కాలంలో దీనికి ‘గిరి విధానం’ అన్న పేరే వచ్చింది.

1927లోనే ఆయన జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల తరఫున కూర్చున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల గురించి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, అది న్యాయం కాదని 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. కుర్చీ దక్కాక కూడా కార్మికుల పక్షం వదలని మనిషి ఆయన.

గిరిగారు డబ్లిన్‌లో ఉన్నది దాదాపు మూడేళ్లే. ట్రాన్స్‌ఫర్లతో తిరిగే మనలో చాలామందికి ఒక్కో ఊళ్లో దొరికే కాలమూ ఇంచుమించు అంతే. ఆ మూడేళ్లలో ఆయన క్లాసు పుస్తకాలతో పాటు ఆ ఊరి వీధుల్నీ చదివారు. అక్కడి మనుషులు ఎందుకు పోరాడుతున్నారో అడిగి తెలుసుకున్నారు. అందుకే పదకొండేళ్ల తర్వాత, వేల మైళ్ల దూరంలో, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులకు ఆ చదువు అక్కరకొచ్చింది.