బరువు మోసే నూనె పొర

డిప్లొమా రెండో ఏడాది క్లాసులో ఆ రోజు పాఠం ఇంజన్ లూబ్రికేషన్. పంపు, ఫిల్టరు, ఆయిల్ గ్యాలరీ బోర్డు మీద గీసి, పంపు ఇచ్చే ఒత్తిడి 3 నుంచి 5 బార్ల దాకా ఉంటుందని చెప్పాను. విశాఖ దగ్గరి ఆనందపురం నుంచి వచ్చే కుర్రాడొకడు లేచాడు. వాళ్ళ నాన్న అక్కడి పూల మార్కెట్ నుంచి వ్యాన్ నడుపుతాడు. “సార్, పిస్టన్ మీద పడే బరువు టన్నుల్లో ఉంటుందన్నారు. నాలుగు బార్ల నూనె దాన్నెలా ఆపుతుంది? పక్కలకి చిమ్మేసి బయటికి పోవాలి కదా?”

ఈ పాఠంలో ఇంతకు మించిన ప్రశ్న లేదు. లెక్క బోర్డు మీదే వేశాం. 80 మిల్లీమీటర్ల పిస్టన్ వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. డీజిల్ మండినప్పుడు సిలిండర్‌లో 150 బార్లు అనుకుంటే పిస్టన్ మీద పడేది దాదాపు ఏడున్నర టన్నులు. అదంతా కనెక్టింగ్ రాడ్ గుండా క్రాంక్ దగ్గరి బేరింగ్ షెల్ మీదికి దిగుతుంది. ఆ షెల్‌లో బరువు మోసే చోటు 10 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. పంపు ఒత్తిడి ఒక్కటే అయితే అక్కడ ఎత్తగలిగేది 40 కిలోలు. ఏడున్నర టన్నులెక్కడ, 40 కిలోలెక్కడ! అయినా ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ఆ రెండు లోహాలూ తాకవు. మధ్యన మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం ఉన్న నూనె పొర నిలబడి ఉంటుంది. కావలసిన మిగతా ఒత్తిడిని పంపు ఇవ్వదు. తిరిగే షాఫ్టే పుట్టిస్తుంది.

ఈ సంగతి మొదట బయటపడింది రైలు ఇరుసు లాంటి ఏర్పాటు దగ్గర. బోచాంప్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1880ల మొదట్లో లండన్ మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం రాపిడిని కొలుస్తున్నాడు. నాలుగు అంగుళాల మందం షాఫ్టు, దాని పైన ఇత్తడి సగం బేరింగ్, ఆ బేరింగ్ మీద బరువు. షాఫ్టు అడుగుభాగం నూనె తొట్టెలో మునిగి తిరుగుతుంది. నూనె అందించడానికి బేరింగ్ నడినెత్తిన బెజ్జం వేయడం అప్పటి వాడుక. టవర్ కూడా ఒక దశలో బేరింగ్ విప్పి అలాగే అర అంగుళం బెజ్జం వేశాడు. షాఫ్టు మళ్ళీ తిప్పగానే నూనె ఆ బెజ్జంలోంచి కిందికి దిగలేదు, పైకి పొంగి పొర్లింది. బిరడా బిగిస్తే బయటికి తన్నేసింది. చెక్క ముక్క కొడితే దాన్నీ మెల్లగా నెట్టేసింది. చివరికి ప్రెషర్ గేజ్ బిగించాడు. చదరపు అంగుళానికి 200 పౌండ్ల దాకా చూపే గేజ్ అది. ముల్లు ఆ అంకె దాటిపోయింది. బేరింగ్ మీద పెట్టిన సగటు బరువు చదరపు అంగుళానికి 100 పౌండ్లే!

బిరడా ఎగిరిన ఆ క్షణమంటే నాకు చెప్పలేనంత ఇష్టం. నూనె జారుడు కోసం పూసే పూత అని లోకం అనుకుంటున్న రోజుల్లో, అది బండి బరువును ఎత్తి పట్టుకుంటోందని ఒక చెక్క ముక్క చెప్పింది. ఇంకో చిత్రం ఉంది. అందరూ నూనె పోసే బెజ్జాన్ని వేస్తున్నది సరిగ్గా ఒత్తిడి జోరుగా ఉన్న చోట, అంటే నూనె ఎంతమాత్రం లోపలికి దిగలేని చోట.

టవర్ అంకెలు 1883లో అచ్చయ్యాయి. అదే ఏడాది రష్యాలో నికొలాయ్ పెట్రోవ్ కూడా నూనె పొర రాపిడికి సూత్రం రాశాడు. బాకూ ఖనిజ నూనెలు రైళ్ళకు పనికొస్తాయని నిరూపించాలన్నది ఆయన తపన. సూత్రం చక్కనిదే, కానీ షాఫ్టు బేరింగ్‌కు సరిగ్గా నట్టనడుమ తిరుగుతోందని అనుకున్నాడు. నట్టనడుమ తిరిగే షాఫ్టు చుట్టూ సందు అంతటా ఒకేలా ఉంటుంది, కాబట్టి అది బరువు మోయలేదు. ముడి విప్పింది మాంచెస్టర్ ప్రొఫెసర్ ఆస్బర్న్ రెనాల్డ్స్, 1886లో. బరువు పడితే షాఫ్టు కాస్త పక్కకి జరుగుతుంది. అప్పుడు సందు ఒకవైపు వెడల్పుగా, పోనుపోను ఇరుకుగా మారుతుంది. నూనె షాఫ్టు ఒంటికి అంటుకుని దానితో పాటు ఆ ఇరుకులోకి పోతుంది. లోపలికి వచ్చినంత నూనె పక్కలనుంచి అంత తొందరగా తప్పించుకోలేదు. ఒత్తిడి ఎగబాకి షాఫ్టును ఎత్తి నిలబెడుతుంది. వానలో హైవే మీద జోరుగా వెళ్ళే కారు టైరు నీటి పొర మీదికి ఎక్కి పట్టు తప్పడం కూడా ఇలాంటిదే. అక్కడ ప్రాణం తీసేది ఇక్కడ ఇంజన్‌కు ప్రాణం పోస్తోంది.

అందులో అసలు అందం ఇంకొకటి. బరువు పెరిగితే సందు ఇంకా సన్నబడుతుంది, సన్నబడ్డ కొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. తనంతట తానే సర్దుకునే ఏర్పాటు. అలాగే నూనె పలచనైతే షాఫ్టు కొంచెం కిందికి దిగి, అక్కడ తన బరువుకు తగ్గ ఒత్తిడిని మళ్ళీ వెతుక్కుంటుంది. ఆ దిగిన చోట కూడా లోహాల గరుకుతనం కంటే పొర మందంగా ఉంటే చాలు. నేటి క్రాంక్ షాఫ్టులను అంత నున్నగా పాలిష్ పట్టేది ఇందుకే.

ఇంజన్ విప్పిన గ్యారేజీకి వెళితే మెయిన్ బేరింగ్ షెల్స్ చేతిలోకి తీసుకుని చూడండి. చాలా ఇంజన్లలో పై షెల్‌కు నడుమ గాడి, అందులో ఆయిల్ బెజ్జం ఉంటాయి. కింద క్యాప్‌లో కూర్చునే షెల్ నున్నగా ఉంటుంది. మంట క్రాంక్‌ను కిందికి తోస్తుంది, కాబట్టి బరువు మోసే కింది షెల్‌లో పొరను తెంపే గాడి ఉండకూడదు. నూనె బరువు లేని వైపు నుంచి లోపలికి రావాలి. టవర్ బెజ్జం నేర్పిన పాఠం ఇప్పటికీ ఆ గాడిలో ఉంది.

రెనాల్డ్స్ వ్యాసం చదివి ఆస్ట్రేలియాలో మిచెల్, అమెరికాలో కింగ్స్‌బరీ అనే ఇంజనీర్లు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే ఆలోచనకు వచ్చారు: కొంచెం వాలగలిగే పలకల మీద షాఫ్టు అంచును తిరగనిస్తే ప్రతి పలకా తన ఇరుకుసందును తానే చేసుకుంటుంది. మిచెల్ పేటెంటు 1905. దాన్ని చూపించి కింగ్స్‌బరీ దరఖాస్తును అమెరికా మొదట తోసిపుచ్చింది. అంతకు ముందే తాను చేసి చూశానని నిరూపించుకుని 1910లో ఆయన తనదీ తెచ్చుకున్నాడు. విశాఖ రేవుకు వచ్చే భారీ ఓడల్లో ప్రొపెల్లర్ తోపునంతా ఓడ ఒంటికి అందించేది ఇలాంటి పలకల మీది నూనె పొరే.

ఇక కారు సంగతి. ఆనందపురం జంక్షన్ దగ్గర జాతీయ రహదారి చీలి ఒక దారి మధురవాడ మీదుగా నగరంలోకి, ఇంకొకటి పెందుర్తి మీదుగా అనకాపల్లికి పోతుంది. ఈ రోడ్ల మీద ఎక్కడ ఆయిల్ మార్పించినా ఒక సలహా వినిపిస్తుంది: “మనది ఎండల ఊరు. పలచటి ఆయిల్ మంచు దేశాలకి. 20డబ్ల్యూ-50 పోయించండి.” క్లియరెన్సులు పెద్దవిగా ఉన్న పాత ఇంజన్‌కు ఆ సలహా సరైనదే. కొత్త కారుకు నేను ఒప్పుకోను. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది, వెనకున్న అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. ఇంజన్ లెక్కలో మన 30 డిగ్రీల పొద్దు కూడా చలే. ఆ వేడి దగ్గర 20డబ్ల్యూ-50 ఆయిల్ తన 100 డిగ్రీల చిక్కదనానికి పదింతలకు పైగా చిక్కగా ఉంటుంది. తాళం తిప్పాక దూరంగా ఉన్న క్యామ్ షాఫ్టు దాకా అది ఎక్కడానికి ఆలస్యమవుతుంది. పైగా వాల్వు టైమింగ్ మార్చే యంత్రాంగం ఇప్పుడు ఇంజన్ ఆయిల్‌తోనే నడుస్తుంది. దాని సన్నటి దారుల్లో చిక్కటి ఆయిల్ వెనకబడుతుంది. చిక్కటి ఆయిల్ బేరింగ్‌లో రాపిడికి తానే వేడెక్కి, ఆ చిక్కదనంలో కొంత అక్కడే పోగొట్టుకుంటుంది కూడా. టవర్ కొలతలను సరిపెట్టడానికి రెనాల్డ్స్ ఈ వేడిని కూడా లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది.

అందుకే మాన్యువల్ 5డబ్ల్యూ-30 అంటే అదే, 0డబ్ల్యూ-20 అంటే అదే. ఎండ ఎక్కువని గ్రేడ్ మార్చాలంటే మాన్యువల్‌లోని ఉష్ణోగ్రతల పట్టిక ఒప్పుకోవాలి. డబ్బా మీద గ్రేడ్‌తో పాటు చూడవలసింది ప్రమాణం. టర్బో పెట్రోల్ ఇంజన్లలో తక్కువ వేగంలో గట్టిగా తొక్కితే స్పార్కు కంటే ముందే మంట అంటుకునే జబ్బు ఉంది, ఆయిల్‌లోని కాల్షియం దానికి ఊతమిస్తుంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణం దీన్ని కూడా పరీక్షిస్తుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరున్న బీఎస్‌6 డీజిల్‌కు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి, ఎందుకంటే మసి కాలిపోతుంది గానీ బూడిద ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

షాఫ్టు ఆగితే పొర ఉండదు. స్టార్ట్ చేసిన క్షణంలో, పిస్టన్ రింగు పైన ఆగి వెనక్కి తిరిగే చోట, క్యామ్ ముక్కు దగ్గర లోహం లోహానికి దాదాపు తగులుతుంది. అక్కడ కాపాడేది జింకు, భాస్వరం కలిసిన రసాయనం. 1940ల నుంచి ఆయిళ్ళలో ఉంది. రాపిడి వేడికి తానే విరిగి ఇనుము మీద సన్నటి గాజులాంటి పొర కడుతుంది. అంటే పని చేసిన కొద్దీ ఖర్చవుతుంది. ఆయిల్ మార్చడానికి మొదటి కారణం ఇదే. మంట నుంచి కారే ఆమ్లాలను చంపే క్షారం కూడా ఇలాగే తరిగిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి మన ఇంధనంలో గంధకం పది లక్షల్లో 10 భాగాలకు దిగింది కాబట్టి ఆ క్షారం ఇప్పుడు వెనకటి కంటే ఎక్కువ కాలం వస్తుంది. ఐదు వేల కిలోమీటర్లకే మార్చే అలవాటు ఆ పాత గంధకం రోజులది.

రంగు చూసి మార్చడం మాత్రం మానాలి. డీజిల్ ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని గడ్డ కట్టకుండా తనలో విడివిడిగా పట్టి ఉంచుతోందన్న మాట. దాని పనే అది.

చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది గడువు. ఈ “ఏడాది” అన్న మాటను జనం తేలిగ్గా తీసుకుంటారు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. అందులో కొంత ఆవిరిగా రింగుల పక్కనుంచి ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది, మండని పెట్రోలు కూడా దానితో పాటు దిగుతుంది. రోజూ ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా పోయే బండిలో ఆయిల్ బాగా కాగి ఆ నీరంతా ఎగిరిపోతుంది. పిల్లల్ని బడి దగ్గర దించి వచ్చే కారులో ఆయిల్ ఎప్పుడూ కాగదు, ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగినా దాని ఆయిలే ముందు చెడుతుంది. మసి ఫిల్టరున్న డీజిల్ బండికి మరో చిక్కు. ఫిల్టర్‌లో మసి కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది, ఆ పని సగంలో ఉండగా ఇంజన్ కట్టేస్తే కొంత డీజిల్ సిలిండర్ గోడల వెంట చాంబర్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకుండా పెరుగుతుంటే కారణం సాధారణంగా అదే. గుర్తు దాటి పెరిగితే గడువు కోసం ఆగకుండా ఆయిల్, ఆయిల్ ఫిల్టరు రెండూ మార్పించాలి.