బడి వదిలాక ఒక గంట

హైదరాబాదు - విజయవాడ రహదారి మీద, జగ్గయ్యపేటకు దగ్గరలో, పాలేరు పక్కన గరికపాడు ఉంది. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా ఇది కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతపు ఊరు. ఈ ఊళ్ళోనే కాదు, ఏ ఊళ్ళోనైనా పదో తరగతికి వచ్చిన విద్యార్థి చెవిన పడే మాట ఒకటుంది: "ఇక ఆటలు కట్టిపెట్టు. చదువు సంగతి చూడు!"

పెద్దలు మన మేలు కోరే ఈ మాట అంటారు. కాని, ఆట మానేస్తే చదువు పెరుగుతుందా? శాస్త్రం ఏమంటుందో చూద్దాం.

ఆడితే ఏమవుతుంది?

చెడుగుడు ఆడేముందు మీ మణికట్టు మీద నాడిని అర నిమిషం లెక్కపెట్టి, రెండుతో హెచ్చించండి. పది నిమిషాలు ఆడాక మళ్ళీ లెక్కపెట్టండి. సంఖ్య బాగా పెరిగి ఉంటుంది. పనిచేసే కండరాలకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. అందుకే గుండె వేగంగా కొట్టుకుంటుంది.

మార్పు కండరాలతోనే ఆగదు. మెదడులోనూ కొన్ని రసాయనాలు పెరుగుతాయి. వాటిలో ఒకటి నాడీకణాలు బతకడానికి, కొత్త సంబంధాలు ఏర్పరచుకోవడానికి తోడ్పడే ప్రొటీను. జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగానికి ఇది చాలా అవసరం. ఆట తర్వాత కలిగే హాయికి ఎండార్ఫిన్లే కారణమని చాలాకాలం అనుకున్నారు. కాని రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి సులభంగా చేరలేవు. శరీరం తానే తయారు చేసుకునే ఎండోకన్నాబినాయిడ్లు అనే పదార్థాలు చేరగలవు. ఈ హాయిలో వాటికి పెద్ద పాత్ర ఉందని ఇప్పుడు భావిస్తున్నారు.

బాగా ఆడినవారికి రాత్రి మంచి నిద్ర పడుతుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. కాబట్టి ఆట చదువుకు శత్రువు కాదు, తోడు.

ఎంత ఆట కావాలి?

5 నుంచి 17 ఏళ్ళ వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది ఎలాంటి శ్రమ? ఆడుతూ మాట్లాడగలగాలి గాని, పాట పాడలేకపోవాలి. ఇదే తేలికైన గుర్తు.

2016 నాటి లెక్కల ప్రకారం, 146 దేశాల్లో బడికి వెళ్ళే 11-17 ఏళ్ళవారిలో నూటికి 81 మందికి ఈ మాత్రం శ్రమ లేదు. అబ్బాయిల్లో ఇలాంటివారు 78 మంది అయితే, అమ్మాయిల్లో 85 మంది. బడి నుంచి రాగానే ఇంటిపని, "ఆడపిల్లకు ఆటలేమిటి?" అనే మాట మన ఊళ్ళలో ఎరగనివా?

మనసు విప్పేదెవరితో?

ఆట ఒక్కటే చాలదు. ప్రపంచంలో 10-19 ఏళ్ళవారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది పిరికితనమూ కాదు, సోమరితనమూ కాదు. జ్వరంలాగే దీనికీ సాయం కావాలి. ఆ సాయానికి మొదటి మెట్టు, చెప్పింది వినే ఒక పెద్ద మనిషి.

బీహారులోని నలంద జిల్లాలో 2015-16లో దీన్ని పరీక్షించి చూశారు. 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను మూడు భాగాలు చేశారు. కొన్నిటిలో శిక్షణ పొందిన ఒక స్థానిక వ్యక్తి పిల్లలకు తోడుగా ఉన్నారు. మరికొన్నిటిలో అదే పని ఉపాధ్యాయులకు అప్పగించారు. మిగిలినవి మామూలుగానే నడిచాయి. పిల్లలు తమ బాధలు రాసి వేయడానికి ఒక పెట్టె, గోడపత్రిక, విడిగా మాట్లాడే ఏర్పాటు ఈ కార్యక్రమంలో ఉన్నాయి. ప్రత్యేకంగా ఒక వ్యక్తి ఉన్న బడుల్లో దిగులు, ఏడిపించడం, కొట్లాటలు తగ్గాయి. ఉపాధ్యాయులకు అప్పగించిన చోట అంత మార్పు కనబడలేదు. పాఠాల భారం ఒక కారణం కావచ్చు. మార్కులు వేసేవారికి మనసులో మాట చెప్పడానికి జంకడం మరో కారణం కావచ్చు.

ఆట, తోడు ఒకేచోట దొరికిన ఉదాహరణ మన అనంతపురంలోనే ఉంది. టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ పేరిట ఉన్న సంస్థ, గ్రామీణాభివృద్ధి ట్రస్టు కలిసి 2010లో అక్కడ ఒక కేంద్రం ప్రారంభించాయి. బడి లేని వేళల్లో పేద పిల్లలు వచ్చి టెన్నిస్ ఆడేవారు. అక్కడే ఇంగ్లీషు, కంప్యూటరు నేర్చుకునేవారు.

మనమేం చేయవచ్చు?

టెన్నిస్ కోర్టు లేకపోతేనేం? చెడుగుడుకు గీత గీస్తే చాలు. కోకోకు గీతలతో పాటు రెండు గుంజలు పాతితే సరి. సాయంత్రం ఒక గంట కేటాయించమని మీ ప్రధానోపాధ్యాయులను అడగండి. ఊళ్ళో కాలేజీ చదువుతున్న ఒక అన్ననో అక్కనో మైదానానికి రమ్మని పిలవండి. అమ్మాయిలకు సగం మైదానం, సగం సమయం ఉండాలని ముందే మాట అనుకోండి. రోజూ వచ్చే నేస్తం నాలుగు రోజులు రాకపోతే, ఇంటికి వెళ్ళి పలకరించండి.

దిగులు రెండు వారాలు దాటినా వదలకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా, ఆ ఒక్కరోజు కూడా ఆగకుండా నమ్మకమైన పెద్దవారికి చెప్పండి. 2022లో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ మీ తరగతి గోడ మీద ఈ రోజే రాసి పెట్టండి.