మీకు తెలుసా? పాత ఆటోమేటిక్ కారులో గేర్లు మొరాయిస్తే...

గేరు పడేటప్పుడు కుదుపు వచ్చిందంటే గేర్‌బాక్స్ పోయినట్టేనని బెంబేలెత్తుతాం. చాలాసార్లు తప్పు దానిది కాదు.

• 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో అమెరికా రోడ్లెక్కిన హైడ్రా-మేటిక్ గేర్‌బాక్స్‌లో కంప్యూటర్ లేదు. ఏ గేరు ఎప్పుడు పడాలో ఆయిల్ ఒత్తిడే తేల్చేది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. హుకుం వాటిదే అయినా, లోపలి క్లచ్ ప్లేట్లను బిగించి గేరు వేసే పని నేటికీ ఆయిల్‌దే.

• కాబట్టి ముందు గేర్ ఆయిల్ డిప్‌స్టిక్ తీయండి. చాలా కార్లలో ఇంజన్ వేడెక్కాక, అది నడుస్తుండగానే చూడాలి. హోండాల్లో మాత్రం ఆపేశాక చూడాలి. ఇంజన్ ఆయిల్‌తో పొరబడకుండా గేర్ ఆయిల్‌కు సాధారణంగా ఎర్ర రంగు కలుపుతారు. నల్లబడి మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు కాలుతున్నట్టు. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు చేరాయన్నమాట! చాలా కార్లలో ఈ ఆయిల్ చల్లబడేది రేడియేటర్ లోపలి గొట్టాల్లోనే. అవి చిల్లుపడితే బండి కదపకూడదు.

• ఒకప్పుడు ఈ ఆయిల్‌లో తిమింగలం నూనె ఉండేది. ప్లేట్లు మెత్తగా పట్టుకోవడానికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక ప్రత్యామ్నాయం కోసం కంపెనీలు నానా తంటాలు పడ్డాయి. అంటే ప్లేట్ల పట్టు ఆయిల్ రకాన్ని బట్టే ఉంటుంది. ఎర్రగా ఉన్నదల్లా ఒకటే ఆయిల్ కాదు. కారు పుస్తకంలో రాసిన రకమే పోయించాలి.

• సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంటే, కింద చుక్క కారకుండానే గేర్ ఆయిల్ తగ్గిపోతుంటే? 1960, 70ల నాటి అమెరికన్ కార్లలో ఇంజన్ వాక్యూమ్‌తో పనిచేసే మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా ఉండేది. అందులోని పొర చిరిగితే ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చి కాల్చేస్తుంది. అది మారిస్తే చాలు. ఈ పొగకే ఇంజన్ విప్పించుకున్నవాళ్లపై జాలిపడాల్సిందే.

• నిలకడగా గంటకు 70, 80 కిలోమీటర్ల వేగంలో వెళ్తుంటే గతుకుల పట్టీ ఎక్కినట్టు వణుకుతోందా? ఖాళీ రోడ్డు మీద, యాక్సిలరేటర్ వదలకుండా, ఎడమ కాలితో బ్రేకును ఊరికే తాకించండి. తాకగానే, ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ విడిపోతుంది. వణుకు ఆగితే అనుమానం ఆ క్లచ్ మీద. ఆగకపోతే స్పార్క్ ప్లగ్గులు చూడండి.

• కారు ఒకే గేరులో ఇరుక్కుపోయి ఈడుస్తుంటే, అది గేర్‌బాక్స్‌ను కాపాడేందుకు కంప్యూటర్ తనంత తాను పెట్టిన కట్టడి కావచ్చు. తెగిన తీగ, పాడైన స్పీడ్ సెన్సర్ చాలు ఇందుకు. స్పీడోమీటర్ ముల్లు కూడా పడిపోయిందా? సెన్సర్‌ను ముందు అనుమానించండి.

• డి నుంచి ఆర్‌కు మార్చగానే 'ధడేల్'మంటే అరిగిన ఇంజన్ మౌంటింగ్ కూడా కారణమే.

• 2014లో సెలేరియో కారుతో మన దగ్గర వ్యాపించిన ఏఎంటీకి పై ఆయిల్ పరీక్షలు పనికిరావు. అది మామూలు క్లచ్ ప్లేటున్న మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు వేయడం మీకు బదులు యంత్రం చేస్తుంది.

అమెరికా వెళ్లగానే పాత క్యామ్రీయో, అకార్డో కొనుక్కునే మన విద్యార్థులకు ఒక మాట. 'గేర్‌బాక్స్ దింపాలి' అని మెకానిక్ అంటే, స్కానర్‌లో ఏ కోడ్ వచ్చింది, ఆయిల్ ఒత్తిడి ఎంత ఉంది అని అడగండి. ఆ రెండింటికీ జవాబు చెప్పలేని షెడ్డులో కారు వదలకండి.