వంద డాలర్ల పొగాకు డబ్బా: పాత పైపు పొగాకుకు ఇంత రేటు ఎందుకు పలుకుతోంది?

ఇది సిగరెట్ సంగతి కాదు, హుక్కా సంగతీ కాదు. చెక్క పైపులో నింపి కాల్చే పొగాకు సంగతి. పాత ఇంగ్లీషు సినిమాల్లో పెద్దమనుషులు నోట్లో పెట్టుకుని కనిపిస్తారే, ఆ పైపు. దాని పొగాకు 50 గ్రాములు, 100 గ్రాముల చిన్న రేకు డబ్బాల్లో వస్తుంది. అమెరికాలో మామూలు డబ్బా ఒకటి దుకాణంలో పది నుంచి ఇరవై డాలర్లకు దొరుకుతుంది. కానీ మూత తీయని పాత డబ్బా, అదీ తయారీ ఆగిపోయిన రకమైతే, చేతులు మారేటప్పుడు వంద డాలర్లు దాటిపోతోంది. కొన్ని రకాలు ఇంకా పైకి వెళ్తున్నాయి.

ఒకసారి లెక్క వేసి చూడండి. 50 గ్రాములకు 100 డాలర్లంటే కిలోకు 2,000 డాలర్లు. డాలరుకు 85 రూపాయలు వేసుకున్నా 1,70,000 రూపాయలు. అదే వర్జీనియా జాతి ఆకును ప్రకాశం జిల్లా రైతు బ్యారన్‌లో కాల్చి, బేళ్లు కట్టి, వేలం కేంద్రానికి తీసుకెళ్తే కిలోకు రెండు మూడు వందల రూపాయలు. రైతు అమ్మే ఆకుకీ ఆ డబ్బాలో ఉన్నదానికీ మధ్య వందల రెట్ల తేడా. ఈ తేడా ఎక్కడ పుడుతోంది? మన పిల్లలు అమెరికాలో, లండన్‌లో ఉన్నారు కాబట్టి "పొగాకు డబ్బాలు కొని పక్కన పెడితే పదేళ్లలో పదింతలు" అనే మాట ఇళ్లలోకి కూడా వస్తుంది. అందుకే దీన్ని కాస్త వివరంగా చూడాలి.

ముందు ఒక మాట. పైపు పొగను లోపలికి పీల్చరు కాబట్టి హాని లేదని కొందరు చెప్తారు. అది తప్పు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్ పైపు తాగేవాళ్లకూ వస్తాయి. పొగాకు ఎంత పాతదైనా, ఎంత ఖరీదైనా ఆ విషయంలో మార్పు ఉండదు. ఇక్కడ మాట్లాడేది రేటు గురించే.

పాతబడితే ఏమవుతుంది?

బిర్యానీకి పాత బియ్యమే కావాలని మన ఇళ్లలో అంటారు కదా. కొత్త బియ్యం ముద్ద అవుతుంది, పాతది పొడిపొడిగా విడిపోతుంది. పొగాకులోనూ కొన్ని రకాలకు అలాంటి గుణమే ఉంది. వర్జీనియా ఆకులో సహజంగానే చక్కెర ఎక్కువ. గాలి చొరబడని డబ్బాలో ఏళ్ల తరబడి ఉంటే లోపల నెమ్మదిగా మార్పులు జరుగుతాయి. చక్కెరలు ఆకులోని ఇతర పదార్థాలతో కలుస్తాయి, ఆకు రంగు ముదురుతుంది, ఘాటు తగ్గుతుంది. మన మాటల్లో చెప్పాలంటే మాగుతుంది.

అన్ని రకాలూ ఇలా మాగవు. పైన సువాసన పూసి అమ్మే వెనీలా, చెర్రీ రకాలు పాతబడితే పెద్దగా బాగుపడవు. లటాకియా కలిపిన మిశ్రమాల్లో ఆ పొగ వాసన కాలంతో పలచబడుతుంది. కొందరికి అదే ఇష్టం, కొందరికి అది నష్టం.

లటాకియా అన్న పేరు సిరియాలోని ఓడరేవు పట్టణం నుంచి వచ్చింది. ఆకును కట్టెల పొగలో చాలాకాలం వేలాడదీసి నల్లగా చేసేవారు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న లటాకియా దాదాపు అంతా సైప్రస్ నుంచి వస్తున్నదే. అసలు సిరియా ఆకు కనుమరుగైంది. అందుకే సిరియా ఆకు కలిపిన పాత డబ్బా కనిపిస్తే షౌకీన్లు వదలరు. పట్టణం అక్కడే ఉంది, పేరు ప్రపంచమంతా తిరుగుతోంది, సరుకు మాత్రం వేరే దేశానిది.

సరే, మాగితే రుచి మారుతుంది. పాత బియ్యం కూడా రుచి మారుతుంది, దానికి కొత్త బియ్యం కంటే కాస్త ఎక్కువ ఇస్తాం. పదింతలు ఎవరూ ఇవ్వరు. ఎందుకంటే ప్రతి ఏడాదీ కొత్త పంట వస్తుంది, ఎవరైనా బస్తా కొని ఏడాది దాచుకోవచ్చు. పైపు పొగాకులో కొన్ని రకాలకు ఆ దారి మూసుకుపోయింది. రేటు ఎగబాకడానికి అసలు కారణం రుచి కాదు, ఇదే.

మూతపడిన కార్ఖానాలు

అమెరికాలోని కాన్సాస్ సిటీలో మెక్‌క్లెలండ్ అనే చిన్న కంపెనీ ఉండేది. 1977లో మొదలైంది. వర్జీనియా ఆకు మిశ్రమాలకు మంచి పేరు. క్రిస్మస్ చీర్ అనే రకాన్ని ఏడాదికొకసారి, డబ్బా మీద సంవత్సరం వేసి విడుదల చేసేవారు. అంటే ఖర్జూరం డబ్బా మీద పంట సంవత్సరం వేసినట్టు. 2018లో ఆ కంపెనీ మూతపడింది. తమకు కావలసిన నాణ్యత గల ఎర్ర వర్జీనియా ఆకు దొరకడం తగ్గిపోయిందన్నది వాళ్లు చెప్పిన ప్రధాన కారణాల్లో ఒకటి. వార్త వచ్చీ రాగానే దుకాణాల్లో ఉన్న డబ్బాలు ఖాళీ అయ్యాయి. అంతకుముందు పది, పదిహేను డాలర్లకు దొరికిన డబ్బాలే ఆ తర్వాత చేతులు మారేకొద్దీ రేటు పెంచుకుంటూ పోయాయి. లోపలి ఆకు రాత్రికి రాత్రి మారలేదు. ఇక రాదు అన్న కబురు ఒక్కటే కొత్తది.

మూతపడకుండా కూడా ఇదే పరిస్థితి రావచ్చు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రంలో జెర్సీ అనే చిన్న దీవి ఉంది. అక్కడ జర్మెయిన్ అండ్ సన్ అనే కంపెనీ 1820 నుంచి ఉంది. పెన్‌జాన్స్, స్టోన్‌హేవెన్ అనే రకాలు వాళ్లవే. చిన్న కార్ఖానా, కొద్ది సరుకు. అమెరికాకు ఎప్పుడో ఒకసారి కొన్ని పెట్టెలు వస్తాయి, నిమిషాల్లో అయిపోతాయి. దొరికిన వాళ్లలో కొందరు తాగడానికి కాదు, మరుసటి రోజు రెట్టింపు, మూడింతలకు అమ్మడానికే కొంటారు. రంజాన్ చివరి రోజుల్లో రైలు టికెట్ల బ్లాక్ గుర్తుకు వస్తే తప్పు లేదు. పద్ధతి అదే.

దీనికి చట్టం తోడైంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో తెచ్చిన నిబంధనతో పైపు పొగాకు కూడా దాని పరిధిలోకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 8 నుంచి అమలు. 2007 ఫిబ్రవరి 15 తర్వాత మార్కెట్లోకి వచ్చిన రకాలకు అనుమతి తెచ్చుకోవాలన్నారు. పెద్ద సిగరెట్ కంపెనీకి వకీళ్లు, ల్యాబ్‌లు ఉంటాయి. పదిమంది పనిచేసే కార్ఖానాకు ఆ ఖర్చు భారమే. ఉన్న రకాలు ఉంటాయో పోతాయో అన్న భయంతో తాగేవాళ్లు డబ్బాల మీద డబ్బాలు కొని అల్మారాల్లో నింపుకున్నారు. భయంతో దాచింది కొరతను పెంచింది, కొరత భయాన్ని పెంచింది.

అదే సరుకు, పేరు వేరు

డన్‌హిల్ కథ చూస్తే కొనేవాళ్లు దేనికి డబ్బు ఇస్తున్నారో ఇంకా బాగా తెలుస్తుంది. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్‌లోని డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచాడు. వాళ్ల మిశ్రమాలు వందేళ్లకు పైగా నడిచాయి. మధ్యలో తయారీ చేతులు మారింది. 1981 నుంచి బెల్‌ఫాస్ట్‌లోని మర్రేస్ కంపెనీ చేసింది, ఆ తర్వాత డెన్మార్క్‌కు వెళ్లింది. 2018లో డన్‌హిల్ పేరుతో పైపు పొగాకు ఆగిపోయింది. వెంటనే డబ్బాల రేట్లు ఎగిరాయి.

2019లో ఏమైంది? అవే మిశ్రమాలు పీటర్సన్ అనే పేరుతో మళ్లీ దుకాణాల్లోకి వచ్చాయి. చేసేది డెన్మార్క్‌లోని అదే తయారీ కంపెనీ. నైట్‌క్యాప్ నైట్‌క్యాప్‌గానే ఉంది, డబ్బా మీద పెద్ద అక్షరాలు మాత్రం మారాయి. మామూలు రేటుకే దొరుకుతోంది. అయినా డన్‌హిల్ అని రాసి ఉన్న డబ్బాకు ఎక్కువ ఇచ్చేవాళ్లు ఉన్నారు. బెల్‌ఫాస్ట్ కాలం నాటిదైతే ఇంకా ఎక్కువ, లండన్ కాలం నాటిదైతే చెప్పనక్కర్లేదు. బాల్కన్ సోబ్రానీ అనే పాత పేరును కూడా 2011లో జెర్సీ కంపెనీయే మళ్లీ తెచ్చింది. దాంతో పాత డబ్బాల మోజు తగ్గలేదు. "షౌక్ బడీ చీజ్ హై" అని మన హైదరాబాద్‌లో ఊరికే అనలేదు.

మరి లాభం మాటేమిటి?

పది డాలర్ల డబ్బా వందకు అమ్ముడైతే పదింతలే. కానీ ఆ లెక్కలో కనిపించనివి చాలా ఉన్నాయి. రేకు డబ్బా తుప్పు పడుతుంది. సూది మొనంత రంధ్రం పడినా చాలు, లోపలి ఆకు ఎండి గడ్డి అవుతుంది. బయటికి చూస్తే తెలియదు, మూత తీస్తేనే తెలుస్తుంది. మూత తీస్తే సగం రేటు పోతుంది! ఆకు మీద తెల్లని పొడి కనిపిస్తే అది స్ఫటికమా బూజా అని వాదనలు నడుస్తాయి. పదిహేనేళ్లు దాచిన పది డబ్బాల్లో పాడైనవాటి సంగతి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. వందకు అమ్ముడైన ఒక్కదాని గురించే చెప్తారు. పైగా అమ్మిపెట్టిన దుకాణానికి కమీషన్, పోస్టు ఖర్చు.

ఇంకోటి, అడిగే రేటు వేరు, అమ్ముడుపోయే రేటు వేరు. ఇది మనకు కొత్త కాదు. 786 నంబరు నోటు లక్షలు పలుకుతుందని ఫోన్‌లో వచ్చే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ఎవరో ఐదు లక్షలు అని రాసి పెడతారు. ఆ రేటుకు కొన్నవాడు కనిపించడు. పైగా "ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అంటారు. పాత నోట్ల పేరుతో, తన పేరు వాడుకుని డబ్బు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. పొగాకు డబ్బాల్లో ఇంత మోసం ఉందని కాదు. నిజంగా కొనేవాళ్లు ఉన్నారు. కానీ 300 డాలర్లు అని రాసి పెట్టిన డబ్బా నెలల తరబడి అక్కడే ఉంటే, దాని విలువ 300 డాలర్లు కాదు.

అమ్మడానికి చోటు కూడా తక్కువే. పెద్ద ఆన్‌లైన్ సంతలు పొగాకును రానివ్వవు. ఈబేలో ఒకప్పుడు "రేటు డబ్బాకే, లోపలి సరుకుకు కాదు" అని రాసి అమ్మేవారు, తర్వాత ఆ దారీ బిగిసింది. బంగారం అయితే అర్ధరాత్రి అవసరం పడ్డా తెల్లారేసరికి చార్మినార్ దగ్గర డబ్బు చేసుకోవచ్చు. పొగాకు డబ్బా పట్టుకుని ఎక్కడికి వెళ్తారు?

ఇండియాకు తెచ్చి అమ్ముదామనుకునే వాళ్లకు ఇంకా కష్టం. విమానంలో వచ్చేవారి సామాన్లలో పొగాకుకు కస్టమ్స్ పెట్టిన పరిమితి 125 గ్రాములు. ఇక్కడ అమ్మే పొగాకు ప్యాకెట్ మీద ఆరోగ్య హెచ్చరిక బొమ్మ తప్పనిసరి. విదేశీ పాత డబ్బా మీద ఆ బొమ్మ ఉండదు. బంధువులు "రెండు డబ్బాలు తెచ్చిపెట్టు" అంటే ఈ సంగతి ముందే చెప్పండి.

కొనేవాడు లేకపోతే పొగాకు సంగతి ఏమవుతుందో చూడాలంటే విదేశాలకు పోనక్కర్లేదు. 2025లో బాపట్ల, ప్రకాశం, పల్నాడు వైపు నల్ల బర్లీ పండించిన రైతులు కొనే దిక్కులేక రోడ్డెక్కారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. ముందు ఏడాది మంచి రేటు చూసి ఎక్కువమంది వేశారు, కంపెనీలు వెనక్కి తగ్గాయి, అంతే.

పాత డబ్బాల మార్కెట్‌కు ఆ ముప్పు ఇంకోవైపు నుంచి ఉంది. పైపు తాగేవాళ్లలో వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. సిగరెట్ మానేసిన కుర్రాళ్లు పైపు వైపు పెద్దగా రావడం లేదు. ఈ రోజు మార్కెట్లోకి వస్తున్న పాత డబ్బాల్లో చాలా వరకు ఎవరో పెద్దాయన పోయాక ఆయన అల్మారాలోంచి పిల్లలు తీసి అమ్ముతున్నవే. అల్మారాలు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని కొనే షౌకీన్ల వయసు కూడా ఆ పోయినవాళ్ల వయసుకు దగ్గరగానే ఉంది.