టెలిస్కోప్ కింద పలక ఎందుకు? ఎలా?

వరంగల్‌లో ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఊరి అక్షాంశం అంతే కాబట్టి. నక్షత్రాల ఫొటో తీయాలంటే టెలిస్కోప్‌ను మోసే మౌంటు ఇరుసును దాదాపు అటే గురిపెట్టాలి. భూమి తిరగడం వల్ల ఆకాశం 4 నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతుంది. మౌంటు కూడా అదే వేగంతో తిరగకపోతే చుక్క గీతలా సాగిపోతుంది. హైదరాబాద్ నిజామియా వేధశాలలో గత శతాబ్దం తొలినాళ్లలో 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు పలకల మీద తీసిన ఫొటోలకూ ఇదే సూత్రం.

టెలిస్కోప్‌నూ మౌంటునూ కలిపేది ఒక లోహపు పలక. అది వెంట్రుకవాసి వంగినా ఫొటో చెడుతుంది. మందం రెట్టింపు చేస్తే, వంగకుండా నిలిచే శక్తి 8 రెట్లవుతుంది!

కొన్న పలక రంధ్రాలు మన పరికరానికి కుదరకపోతే లేత్ షాపులో చేయించుకోవచ్చు. ముందు అట్టముక్క మీద రంధ్రాలు గీసి, టెలిస్కోప్‌కు ఆనించి సరిచూడాలి. తర్వాత 10 మి.మీ. అల్యూమినియం మీద సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, ఎం6 బోల్టుకైతే 5 మి.మీ. డ్రిల్లు వేసి, ట్యాప్‌తో మర తీయాలి. ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతుంటే పొట్టు తెగి రాలుతుంది. బలవంతంగా తిప్పితే ట్యాప్ లోపలే విరుగుతుంది.

మౌంటుకు బిగించే చోట గుండ్రటి రంధ్రాలకు బదులు పొడవాటి గాడి తీయించండి. నా దృష్టిలో అసలు తెలివి అక్కడే ఉంది: కెమెరా బరువు మారినప్పుడల్లా పలకను ముందుకో వెనక్కో జరిపి, తూకం కుదిరాక బోల్టులు బిగించవచ్చు.