టవరు అందని చోట దారి: ఆఫ్‌లైన్ నావిగేషన్ యాప్‌ను ఎంచుకోవడం ఎలా?



సూరత్ నగరంలో లింబాయత్ ప్రాంతానికి వెళితే తెలుగు మాట వినబడుతుంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతోంది. వానాకాలం రాగానే ఆ నగరపు కుర్రకారు మోటారు సైకిళ్ళ మీద డాంగ్ అడవుల వైపు బయలుదేరడం మామూలే. వఘయి దగ్గర గిరా జలపాతం, పూర్ణా అభయారణ్యంలో మహల్, మహారాష్ట్ర సరిహద్దున సాపుతారా కొండలు చూడదగ్గవి. ప్రధాన రహదారి మీద ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. టేకు చెట్ల మధ్య మట్టిదారి పట్టిన కొంతసేపటికి ఫోనులో టవరు గుర్తు మాయమవుతుంది. పటం ఉండవలసిన చోట బూడిదరంగు గళ్ళు మిగులుతాయి. వాటి మీద నీలిరంగు చుక్క మాత్రం కదులుతూనే ఉంటుంది.

పటం పోయింది, చుక్క పోలేదు. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే, ఎలాంటి యాప్ కావాలో సగం తేలిపోయినట్టే.

జీపీఎస్ అంటే ఇంటర్నెట్‌లో ఒక భాగమని చాలామంది అనుకుంటారు. కాదు. మీ ఇంట్లో రేడియో ఆకాశవాణి కేంద్రానికి ఏమీ పంపదు, అక్కడి నుంచి వచ్చేది వింటుంది, అంతే. ఫోనులోని గ్రాహకం కూడా అలాగే వింటుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తమ స్థానాన్నీ, తమ అణు గడియారంలోని సమయాన్నీ నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి, నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి మనల్ని చేరడానికి సుమారు 0.067 సెకను పడుతుంది. ఈ కాలాన్ని కొలిస్తే దూరం తెలుస్తుంది. మూడు దూరాలు తెలిస్తే మన స్థానం తెలియాలి కదా, మరి నాలుగు ఉపగ్రహాలు ఎందుకు కావాలంటారు? మన ఫోనులో అణు గడియారం లేదు. అందులోని చౌక గడియారం సెకనులో పది లక్షలవ వంతు తప్పినా దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఆ తప్పు ఎంతో లెక్కగట్టడానికే నాలుగో ఉపగ్రహం.

మన దేశానికి నావిక్ అనే సొంత వ్యవస్థ ఉంది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. తొలి తరం ఉపగ్రహాల్లో దిగుమతి చేసుకున్న గడియారాలు కొన్ని పాడయ్యాయి. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో స్వదేశంలో తయారైన రుబీడియం గడియారాన్ని అమర్చారు. ఈ రోజుల్లోని ఫోన్లు అమెరికా, రష్యా, ఐరోపా, చైనా వ్యవస్థల సంకేతాలను కలిపి వింటాయి. కొన్ని ఫోన్లు నావిక్‌ను కూడా వింటాయి. కనుక యాప్ మారిస్తే స్థాన నిర్ధారణ మెరుగుపడుతుందని ఆశించకండి. చుక్కను పెట్టేది ఫోను. యాప్ ఆ చుక్క కింద పటాన్ని పరుస్తుంది.

ఇంటర్నెట్ ఒక విషయంలో మాత్రం సాయపడుతుంది. ఏ ఉపగ్రహం ఎక్కడ ఉందో ముందుగా చెప్పి ఫోను పని తేలిక చేస్తుంది. ఆ సాయం లేకపోతే ఉపగ్రహం నుంచే ఆ వివరాలు దింపుకోవాలి. జీపీఎస్ ఆ వివరాలను సెకనుకు 50 బిట్ల నెమ్మదితో పంపుతుంది. ఇందుకు అర నిమిషం నుంచి కొన్ని నిమిషాల దాకా పట్టవచ్చు. అందుకే రహదారి వదలకముందే, ఆకాశం బాగా కనిపించే చోట ఆగి, లొకేషన్ ఆన్ చేసి చుక్క కుదురుకోనివ్వాలి.

ఇక పటం. మామూలు యాప్ పటాన్ని ముక్కలు ముక్కలుగా, మనం కదిలిన కొద్దీ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఆఫ్‌లైన్ యాప్ ముందే మొత్తం దింపుకొని ఫోనులో దాచుకుంటుంది. దాచేది బొమ్మగా కాదు, గీతలుగా. ఈ బిందువు నుంచి ఆ బిందువు దాకా ఒక దారి, అది మట్టి దారి, దాని పేరు ఇది, అని లెక్కల రూపంలో రాసుకుంటుంది. అందుకే ఒక రాష్ట్రం పటమంతా తక్కువ చోటులో ఇముడుతుంది. ఎంత దగ్గరగా చూసినా గీత మసకబారదు.

కాబట్టి యాప్ ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది దాని రంగులూ గుండీలూ కాదు, మీరు వెళ్ళే చోట అందులో ఏ గీతలు ఉన్నాయన్నది. చాలా ఆఫ్‌లైన్ యాప్‌లకు ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండులో మొదలైన ఈ పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తున్నారు. బండి బాటలు, కాలిబాటలు ఇందులో విడివిడిగా ఉంటాయి. అయితే ఒక తాలూకాలో ప్రతి డొంకా కనిపిస్తుంది, పక్క తాలూకాలో పెద్ద రోడ్డు తప్ప ఏమీ ఉండదు. గీసేవారు దొరికిన చోటే పటం నిండుతుంది మరి.

దీని మీద ఆధారపడిన వాటిలో 2021లో వచ్చిన ఆర్గానిక్ మ్యాప్స్ చాలా సరళమైనది. ఖాతా తెరవనక్కరలేదు, ప్రకటనలు లేవు, రాష్ట్రం పటం దింపుకుంటే చాలు. ఓస్మ్‌అండ్‌లో సదుపాయాలు చాలా ఎక్కువ, కానీ దాని మెనూలలోనే దారి తప్పే ప్రమాదం ఉంది! గూగుల్ మ్యాప్స్‌లో కూడా కొంత ప్రాంతాన్ని దింపుకోవచ్చు. కాని ఇంటర్నెట్ లేనప్పుడు అది వాహనానికి మాత్రమే దారి చెబుతుంది, నడకకు చెప్పదు. కొత్తగా మొదలుపెట్టే విద్యార్థికి నా సలహా మొదటిదే. వానలో, తడిచేతులతో, బండి ఆపి చూసుకునే వేళ పది గుండీలున్న యాప్ కన్నా రెండు గుండీలున్నదే మేలు.

దారి చెప్పడం అన్నాం. అది ఎలా జరుగుతుంది? కూడళ్ళను బిందువులుగా, రోడ్లను వాటిని కలిపే గీతలుగా భావించి, అతి తక్కువ దూరాన్ని వెతికే పద్ధతిని డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించాడు. నేటి యాప్‌లు దానికి మెరుగులు దిద్దిన రూపాలనే వాడుతున్నాయి. గీత లేని చోట ఈ లెక్క నడవదని గమనించండి. అడవిలో బాట విడిచాక యాప్ చెప్పగలిగింది రెండే: గమ్యం ఏ దిక్కున ఉంది, నేరుగా ఎంత దూరం. అందువల్ల అక్కడ కావలసిన సదుపాయం వేరు. మనం వచ్చిన జాడను నమోదు చేసుకోవాలి, అదే జాడ మీద వెనక్కి రాగలగాలి. ఈ జాడను జీపీఎక్స్ అనే ఫైలుగా దాచి స్నేహితులకు పంపగలిగే యాప్ అయితే మరీ మంచిది. తెర ఆరిపోయాక కూడా నమోదు సాగుతోందో లేదో తప్పక పరీక్షించాలి. బ్యాటరీ ఆదా పేరుతో ఫోను దాన్ని మధ్యలో ఆపేస్తుంటుంది.

నేరు దూరం ఎంత మోసం చేస్తుందో చెప్పేవి సమోన్నత రేఖలు. భారత సర్వేక్షణ శాఖ వారి 1:50,000 పటంలో 1 సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. రెండు రేఖల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. ఆ ఒక్క సెంటీమీటరులో పది అంతరాలు ఇరుక్కుని కనిపిస్తే, 500 మీటర్ల దూరంలో 200 మీటర్లు ఎక్కాలన్నమాట. ఆ వాలు మీద బండి పోదు. సాపుతారా చుట్టుపక్కల తిరిగేవారు ఈ రేఖలు చూపే యాప్‌నే ఎంచుకోవాలి.

మరొక చిక్కు అంకెలతో వస్తుంది. సూరత్ అక్షాంశం సుమారు 21.17 డిగ్రీలు. దీన్ని ఫోనులో చెబితే అవతలివారు 21 డిగ్రీల 17 నిమిషాలు అని రాసుకోవచ్చు. డిగ్రీకి 60 నిమిషాలు కనుక 17 నిమిషాలంటే 0.283 డిగ్రీ. తేడా 0.113 డిగ్రీ, అంటే నేల మీద సుమారు 12.5 కిలోమీటర్లు! సహాయం కోసం వచ్చేవారు అంత దూరాన వెతుకుతుంటారు. యాప్‌లో ఏ పద్ధతి ఉందో ముందే చూసుకొని, బృందంలో అందరూ ఒకటే వాడండి. దశాంశ బిందువు తరువాత ఐదు అంకెలు ఉంటే అక్షాంశంలో మీటరు దాకా చెప్పినట్టే. ఊరి పేర్లతోనూ జాగ్రత్త. ఇంగ్లీషులో ఆహ్వా, వఘయి పేర్లను రెండు మూడు రకాలుగా రాస్తారు. ఇంటర్నెట్ లేనప్పుడు యాప్ మన అక్షర దోషాలను అంతగా సర్దుకోదు. వెళ్ళవలసిన చోట్లను ఇంటి దగ్గరే గుర్తు పెట్టుకోవాలి.

గీత ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, నావిగేషన్ చూపిన దారిలో వెళ్ళిన కారు రామగంగ నది మీద వరదకు సగం కొట్టుకుపోయిన వంతెన పైనుంచి పడి ముగ్గురు మరణించారు. డాంగ్‌లో పూర్ణా, అంబికా, ఖాప్రీ నదుల మీద తక్కువ ఎత్తు చప్టాలు ఉన్నాయి. వేసవిలో వాటి మీద బండి సాఫీగా పోతుంది. ఎగువన ఒక్క వాన పడితే అవే మునిగిపోతాయి. ఆఫ్‌లైన్ పటానికి మీరు దింపుకున్న రోజు తప్ప ఈ రోజు తెలియదు. సూరత్ పక్కనే ఉన్న డుమస్ సముద్రతీరం సంగతీ ఇంతే. ఖంభాత్ సింధుశాఖలో పోటుపాట్లు మన దేశంలోకెల్లా పెద్దవి. పటంలో తీరం ఒకే గీత, నేల మీద అది రోజుకు రెండుసార్లు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పాటు వేళ ఇసుక మీదికి కార్లు దింపి బురదలో కూరుకుపోయినవారి గురించి వార్తల్లో చూసే ఉంటారు. అభయారణ్యంలో ఇంకొకటి కూడా ఉంది: యాప్ బాట చూపుతుంది గాని, అటవీశాఖ అనుమతి ఉందో లేదో చెప్పదు. నది దాటే ముందు ఆ రోజు నీరెంత ఉందో పక్క ఊరివారినే అడగాలి. సర్వేక్షణ శాఖ పటాన్ని కాగితం మీద ముద్రించుకొని సంచిలో పెట్టుకుంటే బ్యాటరీ అయిపోయినా పనికొస్తుంది.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. టవరు కోసం వెతుకుతూ ఉండడం ఫోనుకు పెద్ద ఖర్చు. ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఆ వెతుకులాట ఆగుతుంది. చాలా ఫోన్లలో జీపీఎస్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

మీ ఫోనులో అలా పనిచేస్తుందో లేదో బయలుదేరే రోజున కాక, ఈ వారమే తేల్చుకోండి. పటం దింపుకొని, ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, జాడ నమోదు మొదలుపెట్టి ఊళ్ళో ఒక కిలోమీటరు నడిచి రండి. తరువాత మేడ మీద, ఆకాశం పూర్తిగా కనిపించే చోట, ఫోనును కదపకుండా పది నిమిషాలు ఉంచండి. జాడ ఒక చిన్న చిక్కుముడిలా కనిపిస్తుంది. యాప్‌లోని కొలబద్దతో దాని వెడల్పు కొలవండి. ఆరుబయట సాధారణంగా కొద్ది మీటర్లే ఉంటుంది. అదే ప్రయోగాన్ని దట్టమైన చెట్టు కింద ఒకసారి, రెండు ఎత్తైన భవనాల సందులో ఒకసారి చేయండి. వాన వెలిసిన వెంటనే, ఆకులు తడిగా ఉన్నప్పుడు, చెట్టు కింద మళ్ళీ కొలవండి. నాలుగు కొలతలనూ తేదీ, సమయంతో సహా నోటు పుస్తకంలో రాసుకోండి.